ఇల్లుబండికి తుమ్మమొద్దు

"నీలా, మొద్దు!"

తాత కేక వినగానే నీల వ్యాను వెనక తలుపులోంచి ఒక్క దూకు దూకింది. ఎండ నడినెత్తి మీద ఉంది. అరికాళ్లు చుర్రుమన్నాయి. అయినా ఆగలేదు. తుమ్మమొద్దును రెండు చేతులతో ఎత్తి, వెనక చక్రానికి ఆనించి పెట్టింది. కాలితో రెండు తన్నులు తన్ని చూసింది.

"పెట్టిన తాతా!"

"గట్టిగ ఆనిందా?"

"ఆనింది!"

అప్పుడు గానీ భోజన్న తాత బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు.

ఆ వ్యాను నీల కంటే చాలా పెద్దది. దాని హ్యాండ్ బ్రేకు ఎప్పుడో పాడైపోయింది. గేరులో వేసి నిలిపితే, ఆ గేరు ఎప్పుడు జారిపోతుందో చెప్పలేం. కాబట్టి బండిని కదలకుండా పట్టుకునేది ఆ మొద్దే. లారీలకు క్లీనర్లు ఉంటారు కదా. ఈ బండికి క్లీనర్ పదేళ్ల నీల. ఆ పని దొరికినప్పటి నుంచి అమ్మాయిగారిని పట్టుకోవడం ఎవరి తరమూ కావడం లేదు.

తాత ఆర్మూర్‌లో చాలా ఏళ్లు పసుపు లారీ నడిపాడు. పని మానేశాక ఇక అరుగు మీద కూర్చుంటాడులే అనుకున్నారు అందరూ. ఆయన మాత్రం హైదరాబాదు పోయి, మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత వ్యాను కొనుక్కొచ్చాడు. లోపల రెండు బల్లలు వేయించాడు. పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి అవే. ఒక మూల కిరోసిన్ స్టవ్వు, ఒక మూల తాడుతో కట్టిన బిందె, పైన ఊగుతూ ఒక ఉట్టి.

"ఎండకాలమంత మనోళ్ల ఊర్లు తిరుగుదం" అన్నాడు తాత.

లసుమవ్వ బాపమ్మ ముక్కున వేలేసుకుంది. "ముసలితనంల గీ సోకులేంది?" అని నాలుగు వాడలు వినేట్టు అడిగింది.

కానీ తాత మనసులో వేరే సంగతి ఉంది. అది శాంతత్త సంగతి.

ఆ వైపు పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపుకొమ్ములు, రవికెగుడ్డ, అన్నీ తల్లి తన చేతులతో బిడ్డ ఒడిలో పోస్తుంది. గడప దాటే ముందు బిడ్డ అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి తిరిగి ఇస్తుంది. తన పుట్టిల్లు ఎన్నడూ ఖాళీ కాకూడదని.

తాత చిన్నకూతురు శాంతత్తది ఏర్గట్ల. వాళ్ల అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఆమెను వదిలి ఒక్క పూట కూడా ఎటూ పోవడానికి లేదు. శాంతత్త ఆర్మూర్ వచ్చి, ఒడిబియ్యం పోయించుకుని మూడేళ్లయింది.

"బిడ్డ ఇంటికి రాలేకపోతే, ఇల్లే బిడ్డ దగ్గరికి పోతది" అన్నాడు తాత.

బాపమ్మ ముక్కు మీది వేలు తీసింది. "ఇల్లంటే గడప ఉండాలె" అంది. మర్నాడే వడ్రంగి వచ్చి వ్యాను వెనక తలుపు దగ్గర టేకుచెక్క గడప బిగించాడు. బాపమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఇక అప్పటి నుంచి అది వ్యాను కాదు. ఇల్లుబండి.

ముందు ధర్పల్లి పోయి, తాత పాత దోస్తు ఎల్లయ్య ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు భీమ్‌గల్ వచ్చారు. ఇక్కడ పెద్దత్త భూమవ్వ ఇల్లు. ఇక్కడి నుంచి ఏర్గట్ల.

భూమత్త ఇంటి సందులో ఇల్లుబండి పట్టలేదు. అందుకని ఊరి చివర వాళ్ల కల్లంలో ఆపారు. కల్లం ఒక పక్క మామిడిచెట్టు ఉంది. ఇంకో పక్క ఆర్మూర్ మార్కెట్‌కు పోవాల్సిన పసుపు బస్తాలు పేర్చి ఉన్నాయి. బస్తాలకు కొంచెం అవతల మోటబావి. దానికి గోడ లేదు, గట్టు లేదు. నేల నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద ఎక్కడో నల్లగా నీళ్లు.

నీల ఒకసారి తొంగి చూసి, గబుక్కున వెనక్కి వచ్చేసింది.

తాతకు ఒక అలవాటు ఉంది. ఎక్కడ బండి ఆపినా చెంబుతో నేల మీద నీళ్లు పోసి, అవి ఎటు పారతాయో చూస్తాడు. కంటికి చదునుగా కనిపించే నేల కూడా నీళ్లను మోసం చేయలేదు కదా! ఇక్కడా పోశాడు. నీళ్లు కాసేపు ఆలోచించి, మెల్లగా బావి వైపు పాకాయి.

"కొద్దిగ వాలున్నది. మొద్దుంటే ఫికర్ లేదు" అన్నాడు తాత. "నీలా, పైలం."

"జాగ్రత్తగ చూసుకుంట తాతా" అంది నీల.

భూమత్త తలంటుకుని, కొత్తచీర కట్టుకుని వచ్చింది. ఆమె వెంట ఐదేళ్ల కూతురు వెంకవ్వ. పక్కింటి ముత్తైదువలు ముగ్గురు వచ్చారు. బాపమ్మ లోపల చాప పరిచి, ఇత్తడి తాంబాళంలో పసుపుబియ్యం కలుపుతోంది.

వెంకవ్వ నీల లంగా పట్టుకుని లాగింది.

"వదినా, నాకు గా మామిడికాయ కావాలె."

కొమ్మకు ఒక్కటే కాయ వేలాడుతోంది. బాగా పెద్దది. నీల ఎగిరి చూసింది. వేళ్లు కాయను తాకాయి గానీ పట్టు దొరకలేదు.

"నువ్వు లోపలికి పో. నేను తెంపుకొస్త. ఉప్పు కారం వేసుకుని తిందం" అంది నీల గొప్పగా.

వెంకవ్వ ఎగురుకుంటూ బండెక్కి బాపమ్మ ఒళ్లో కూర్చుంది. తాత, భూమత్త భర్త ముత్తెన్న మామ బస్తాల దగ్గర నిలబడి పసుపు ధర గురించి మాట్లాడుకుంటున్నారు. ఇటు ఎవరూ చూడడం లేదు.

నీల మళ్లీ ఎగిరింది. అందలేదు. ఎక్కడానికి రాయి కోసం చుట్టూ చూసింది. రాయి లేదు. చక్రం కింద మొద్దు ఉంది.

బండి వంక చూసింది. అది గుడిసెలా కదలకుండా నిలబడి ఉంది. 'ఒక్క నిమిషమే కదా. ఏం కాదు' అనుకుంది.

మొద్దు లాగింది. బండి కదల్లేదు. నీల మొద్దును చెట్టు కిందికి మోసుకుపోయింది. ఎక్కింది. కాయ పట్టుకుని తిప్పింది. టప్పున తెగింది. పాలు కారి చేతికి అంటుకున్నాయి.

అప్పుడే మూడో ముత్తైదువ కూడా బండెక్కింది. లోపల అందరూ జరిగి కూర్చున్నారు.

కిర్రుమంది.

నీల తల తిప్పింది. ఇల్లుబండి మెల్లగా వెనక్కి పోతోంది.

అరవాలనుకుంది. పరుగెత్తాలనుకుంది. కాళ్లు మొద్దుకే అతుక్కుపోయాయి. చక్రాలు మెల్లగా, తర్వాత ఇంకొంచెం తొందరగా తిరిగాయి. పసుపు పూసిన గడప ముందుగా, బండి తిన్నగా బావి వైపు పోతోంది. లోపల వెంకవ్వ ఊయల అనుకుని కిలకిలా నవ్వుతోంది.

"అవ్వా! బండి!" లోపల భూమత్త తల్లిని పట్టుకుని కేక పెట్టింది.

తాత తిరిగి చూశాడు. తర్వాత జరిగింది నీల కళ్లలోంచి ఎన్నటికీ పోలేదు. ఆ ముసలాయన పై బస్తాను చెవులు పట్టి లాగి, దాన్ని ఈడ్చుకుంటూ చక్రానికి అడ్డంగా పరుగెత్తాడు. బస్తాతో పాటు తనూ నేల మీద పడ్డాడు. చక్రం బస్తా ఎక్కింది. బస్తా పగిలింది. పసుపుకొమ్ములు గలగలా చిందాయి. బండి ఒక పక్కకు ఒరిగి, ఊగి, ఆగిపోయింది.

గడపకూ బావికీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది.

ముత్తెన్న మామ ముందు చక్రానికి ఇంకో బస్తా అడ్డం వేశాడు. ఆడవాళ్లను ఒక్కొక్కరినీ దింపాడు. వెంకవ్వ ఇప్పుడు గుక్కపట్టి ఏడుస్తోంది. భూమత్త ఆమెను గుండెకు అదుముకుని బావి వైపు చూసి, మళ్లీ చూడలేక ముఖం తిప్పుకుంది. పసుపుబియ్యం బండంతా ఒలికిపోయింది. బాపమ్మ తాత మోచేతికి పట్టిన దుమ్ము తుడుస్తోంది. చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది.

నీల చేతిలో ఇంకా మామిడికాయ ఉంది. ఆమె దాన్ని బస్తాల సందులోకి తోసేసింది. తర్వాత, అందరూ అటు గుమికూడి ఉండగా, మొద్దును మోసుకొచ్చి, బండి మొదట నిలబడిన చోట పడేసింది.

ఎందుకలా చేశావంటే ఆమె ఏమని చెబుతుంది? భయం చేయించింది, అంతే.

కాసేపటికి తాత అక్కడికి నడిచి వచ్చాడు. మొద్దును చూశాడు.

"నీలా, మొద్దు పెట్టినవ్ కదా బిడ్డా?"

"పెట్టిన" అంది నీల. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

తాత తల ఊపాడు. "అవును. నువ్వు తన్ని చూసుడు నేను గూడ చూసిన. మొద్దు ఉండంగనే బండి జారిందంటే నేనే సరిగ్గ ఆపలె. వాలు ఎక్కువున్నది. నా కండ్లకు ఆనలె."

నీల మామిడిపాలు అంటిన చేతిని లంగా వెనక దాచుకుంది.

ఆ సాయంత్రం తాత మంచం మీద కూర్చుని తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. చాలాసేపు అలాగే చూసుకున్నాడు.

"లారీ నడిపినన్ని రోజులు ఒక్క కోడిపిల్లకు గూడ తాకనియ్యలె" అన్నాడు ముత్తెన్న మామతో. "ఇయ్యాల నా ఇంటోళ్లనే బావిల పడేస్తుంటి. ఇగ నా పని అయిపోయింది. రేపు ఒక డ్రైవర్‌ను పిలువు. బండిని ఆర్మూర్ తీస్కపోయి అమ్మేస్త."

బాపమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి శాంత?" అంది. "వస్తున్నమని చెప్పి పంపితిమి. పిచ్చిది వాకిట్ల నిలవడి తొవ్వ చూస్తది."

"ఏం చెయ్యమంటవ్? ఒడిబియ్యం పొయ్యవోయి బిడ్డను చంపుకోమంటవా?"

తాత ఎన్నడూ బాపమ్మ మీద అలా గొంతు లేపలేదు. ఆమె లేచి విస్తళ్లు వేయడానికి పోయింది.

అన్నం పెట్టారు. నీల మెతుకులు కెలికింది. వెంకవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"వదినా, మామిడికాయ తెంపుకొస్తనంటివి కదా? ఏదీ?"

భూమత్త అటే చూస్తోంది.

"అందలె" అంది నీల. ఈసారి అచ్చమైన అబద్ధం.

ఇక చెప్పాలంటే రెండు చెప్పాలి. మధ్యాహ్నమైతే ఒకటే ఉండేది. చెబితే ఏమవుతుంది? భూమత్త కొడుతుంది. క్లీనర్ పని పోతుంది. ఇంకెప్పుడూ బండెక్కనీయరు. బడిలో అందరికీ తెలుస్తుంది. చెప్పకపోతే? తాత చేతులు చూసుకుంటూ ఉంటాడు. శాంతత్త వాకిట్లో నిలబడి ఉంటుంది. ఏ వైపు తిరిగినా బావే కనిపించింది నీలకు. పడుకున్నా ఆ కిర్రు శబ్దమే చెవుల్లో.

తెల్లవారాక డ్రైవర్ వచ్చాడు. మీసాలు సరిగ్గా మొలవని పడుచువాడు. రాత్రే మనుషులు కలిసి బండిని తోసి చెట్టు కిందికి తెచ్చి, మొద్దు పెట్టి ఉంచారు.

తాత రొంటిన దోపుకున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా రెండు క్షణాలు వదల్లేదు. తర్వాత పోయి, అవతలి పక్క సీటులో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బండిలో స్టీరింగు వెనక తప్ప నీల ఆయన్ను ఇంకెక్కడా చూడలేదు. అక్కడ తాత చిన్నగా కనిపించాడు. ఊరికెళ్లే ప్యాసింజర్ ఎవరో కూర్చున్నట్టుంది.

డ్రైవర్ ముందుకు పోయి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

సీటెక్కి బ్రేకు తొక్కి, "మొద్దు తియ్యి పిల్లా!" అని కేకేశాడు.

నీల మొద్దు తీసింది. దాన్ని ఎత్తి లోపల పెట్టి, ఎక్కి కూర్చోవాలి. అంతే పని. కానీ ఆ మొద్దు నిన్నటి కంటే బరువుగా ఉంది. దాన్ని పట్టుకుని, బండెక్కకుండా, ముందు వైపుకు నడిచింది. తాత కూర్చున్న తలుపు దగ్గర నిలబడింది.

"తాతా."

"ఏంది బిడ్డా? ఎక్కు."

"నిన్న మొద్దు నేను తీసిన."

ఇంజను చప్పుడులో తాతకు సరిగ్గా వినపడలేదు. "ఏంది?"

నీలకు ఏడుపు వచ్చేసింది. ఈసారి కల్లమంతా వినేట్టు అరిచింది. "మొద్దు నేను తీసిన తాతా! మామిడికాయ అందలేదని దాని మీద ఎక్కిన! బండి పోయినంక మల్ల తెచ్చి ఆడ పడేసిన! నువ్వు సరిగ్గనే ఆపినవ్!"

తాత చెయ్యి చాచి ఇంజను ఆపించాడు.

ముందుగా కదిలింది భూమత్త. రెండు అంగల్లో వచ్చి నీల భుజం పట్టుకుంది. "నా బిడ్డ లోపలుండె! తెలుసా నీకు? నా బిడ్డ లోపలుండె!" అంది. చెయ్యి లేచింది. కానీ కొట్టలేదు. ఆ చేత్తోనే తన ముఖం కప్పుకుంది. నీలకు, కొట్టి ఉంటే బాగుండు అనిపించింది.

"బ్రేకు మీది నుంచి కాలు తియ్యకు" అని డ్రైవర్‌కు చెప్పి, తాత బండి దిగాడు. "మామిడికాయ ఏడున్నది?" అని అడిగాడు.

నీల బస్తాల సందులోంచి తీసి చూపించింది. కాయ వడిలిపోయింది. పాలు కారిన చోట నల్లటి చార.

తాత దాన్ని తీసుకోలేదు. నీల చేతిలోంచి మొద్దు తీసుకుని, నిన్న తను బండి ఆపిన చోటికి పోయాడు. నేల మీద మొద్దు ఆనిన గుంట ఇంకా ఉంది. ఆయన వంగి, ఆ గుంటను వేళ్లతో తడిమాడు.

"అయితే నేను మంచిగనే ఆపిన్నా?" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు. "నా కండ్లు మంచిగనే ఉన్నయా?"

"మంచిగున్నయి తాతా" అంది నీల వెక్కుతూ.

తాత లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. కోపమూ ఉంది.

"కాయ కోసం తీసినవ్. చిన్నపిల్లవు, తెల్వక తీసినవనుకుంట. కానీ మొద్దు మల్ల తెచ్చి ఆడ పడేసినవ్ చూడు! రాత్రంత నా చేతులను నేనే తిట్టుకున్న. నువ్వు నా పక్కన్నే పండుకున్నవ్. ఒక్క మాట చెప్పబుద్ధి గాలేదా?"

"భయమైంది."

"నాకు గాలేదా?" అన్నాడు తాత.

తాతలకు కూడా భయమేస్తుందని నీలకు అప్పటిదాకా తెలియదు.

పడుచు డ్రైవర్ ఇబ్బందిగా కిటికీలోంచి తాళంచెవి చాచాడు. తాత మొద్దును మళ్లీ చక్రానికి ఆనించి, తాళంచెవి తీసుకుని రొంటిన దోపుకున్నాడు. "నువ్వు జర సల్ల తాగి పో బిడ్డా. బండి నేనే తీస్కపోత" అన్నాడు. బాపమ్మ అప్పుడే ఒలికిన బియ్యం చేటలో పోసి చెరగడం మొదలుపెట్టేసింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

భూమత్త మాత్రం బండెక్కలేదు. ఎంత చెప్పినా ఎక్కలేదు. "నాకు కాళ్లు వణుకుతున్నయి అవ్వా. ఈడనే పొయ్యి" అంది తల్లితో. బాపమ్మ గడప ఇవతల నేల మీద పీట వేసి, ఒడిబియ్యం అక్కడే పోసింది. వెంకవ్వను కూడా ఎక్కనివ్వలేదు భూమత్త. నీల వైపు చూడనూ లేదు.

బయల్దేరే ముందు నీల చక్రం కింది మొద్దును తాతకు చూపించింది.

"ఇది నాకొద్దు తాతా. నాకు భయమైతుంది."

"భయమైతుందనే నీకిస్తున్న. నిన్న నీకు భయం లేకుండె" అన్నాడు తాత. మొద్దును ఆమెకే వదిలేసి, పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఏర్గట్ల చేరేసరికి పొద్దు వాలుతోంది. శాంతత్త నిజంగానే వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో చీపురు. పొద్దుటి నుంచి అదే వాకిలి ఎన్నిసార్లు ఊడ్చిందో ఏమో, నేల మీద గీతలు తప్ప చెత్త లేదు. బండిని చూడగానే చీపురు పడేసి, పరుగెత్తుకొచ్చి, బండి పక్క రేకును రెండు చేతులతో పట్టుకుంది.

"నీలా, మొద్దు!"

నీల దూకలేదు. మెల్లగా దిగింది. మొద్దు ఆనించి, కాలితో తన్ని చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే బిందెలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి నేల మీద పోసింది. వంగి చూసింది. నీళ్లు వీధి వైపు పాకాయి. ఇంకో పెద్ద రాయి వెతికి తెచ్చి, రెండో చక్రానికి కూడా పెట్టింది. తాత అద్దంలోంచి చూశాడు.

శాంతత్త లోపల మంచంలో ఉన్న అత్తకు నీళ్లు తాగించి, దిండు సర్ది, "గీ వాకిట్లనే ఉంట అత్తా. పిలిస్తే వినవడ్త" అని చెప్పి వచ్చింది. గడపకు దండం పెట్టుకుని బండెక్కింది. ఆమె వెంట ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఎక్కారు.

ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా బండి కిర్రుమంది. నీల చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఒక కాలు మొద్దు మీద పెట్టి అదిమింది. పదేళ్ల పిల్ల కాలితో బండి ఆగదని ఆమెకు తెలుసు. అయినా తీయలేదు.

వీధిలో పిల్లలు గుంపుగా పరుగెత్తుతున్నారు.

"ఏయ్ ఆర్మూర్ పిల్లా! ముంజలు కొడుతున్నరు! వస్తవా?"

ముంజలంటే నీలకు పానం. అవి గొంతులో జారుతుంటే ఎంత చల్లగా ఉంటాయో తలచుకుంటేనే నోరూరింది. తల అడ్డంగా ఊపింది.

"అయిపోతయి మల్ల!"

"అయిపోనియ్యి" అంది నీల.

లోపల బాపమ్మ బియ్యం పోస్తున్న చప్పుడు వినిపించింది. సన్నగా, జలజలా. తర్వాత ఏడుపు వినిపించింది. అది బాపమ్మదో, శాంతత్తదో, ఇద్దరిదీనో. నీల లేచి చూడాలనుకుంది. కాలు తీయాలి కదా. కూర్చునే ఉంది.

ఎంతసేపయిందో. నీల కాలు తిమ్మిరెక్కింది. అప్పుడు శాంతత్త నిండు ఒడితో గడప దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఐదు పిడికిళ్లు ఇచ్చిపోవాలె. పుట్టింటి తరఫున ఎవరి చేతికియ్యాలె?" అని అడిగింది.

బాపమ్మ వెనక నుంచి తొంగి చూసింది. చక్రం దగ్గర, దుమ్ములో, ఒక కాలు చాపుకుని కూర్చున్న మనవరాలు కనిపించింది.

"ఇంటిని పట్టుకున్నది కింద కూసున్నది. దానికియ్యి" అంది బాపమ్మ.

శాంతత్త గడప దగ్గర కూర్చుని కిందికి వంగింది. ఆమె ముఖమంతా పసుపు, కన్నీళ్లు, నవ్వు. "ఒడి పట్టు బిడ్డా" అంది.

నీల రెండు చేతులతో లంగా అంచు పట్టి చాచింది. పచ్చటి బియ్యం పిడికిలి తర్వాత పిడికిలి అందులో పడ్డాయి. ఒక్క గింజ కూడా కింద పడకుండా అందుకుంది.

కాలు మాత్రం మొద్దు మీద నుంచి తీయలేదు.